మోకాళ్ళ మర్యాద

ఎవరింట్లో ఏ వేడుక జరిగినా నబిటాలో అందరికంటే ముందే చేరుకునేది. ఇంకా షామియానా గుడ్డ పైకి లేవకముందే, మగవాళ్ళు మాతోకె అరటి గెలలు సైకిళ్ళ మీంచి దింపుతూ ఉండగానే, తాను అల్లిన ఈతాకు చాప చంకన పెట్టుకుని వచ్చేసేది. ఆడవాళ్ళు కూర్చునే వైపున గోడ వారగా చాప పరిచేది. చుట్టూ ఒకసారి చూసి, ఎవరూ తన వంక చూడటం లేదని రూఢి చేసుకుని, గోడను పట్టుకుని అంగుళం అంగుళంగా కిందికి జారేది. ఆ తరవాత నేలదాకా జీరాడే గోమెసి గౌను అంచులు పాదాల మీదికి లాక్కుని, నడుముకు కట్టిన పట్టీ సర్దుకుని, మొహం మీద చెమట తుడుచుకునేది. జనం వచ్చేసరికి పీఠం మీద రాణిలా కూర్చుని ఉండేది. వేడుక ముగిశాక కూడా అంతే. ఆఖరి గిన్నె కడిగేదాకా కదిలేది కాదు.

"సెంగ ఓపికే ఓపిక. మనం వచ్చేటప్పటికి ఉంటుంది, మనం పోయేటప్పటికీ ఉంటుంది" అని ఊళ్ళో మెచ్చుకునేవారు.

ఓపిక కాదు అది. మోకాళ్ళు.

మసాకా పట్నం నుంచి సరస్సు వైపు దిగే దారిలో, కాఫీ తోటల మధ్య ఉంది వాళ్ళ ఊరు. అక్కడ సెంగ అంటే తండ్రి తోడబుట్టిన ఆడది, మేనత్త. ఆడపిల్లకు తల్లి నోటితో చెప్పకూడని సంగతులన్నీ చెప్పాల్సింది ఆవిడే. పిల్ల మర్యాద ఎరిగినదైతే ఆ పేరు సెంగకు వస్తుంది. పొగరుమోతు అయితే ఆ తిట్లూ సెంగకే. మర్యాదల్లోకెల్లా మొదటిది, పెద్దవాళ్ళు ఎదురైనప్పుడు మోకాళ్ళ మీద వాలి పలకరించడం. ఇల్లనీ లేదు, బజారనీ లేదు, వాన కురిసి దారంతా ఎర్రబురదైనా సరే, మోకాళ్ళు నేలకు ఆనాల్సిందే.

చిన్న వయసులోనే మొగుణ్ణి పోగొట్టుకుని, చాపలు అల్లుకుంటూ బతికిన నబిటాలోకు ఈ విద్యలో పెట్టింది పేరు. సొంత మేనకోడళ్ళకే కాదు, సెంగలు చచ్చిపోయిన పిల్లలకూ, పట్నంలో పెరిగి ఏమీ తెలియకుండా పెళ్ళికి వచ్చిన పిల్లలకూ ఆవిడే నేర్పేది. "మోకాలు నేలకు ఆనించమన్నాను, నేలను పొడవమనలేదు. నీ చేతిలో పాల గ్లాసు ఉందనుకో, చుక్క తొణక్కుండా దిగాలి" అనేది. ఇంకొకతెతో, "ఏమే, బరువు మోసే గాడిద కూలబడ్డట్టు ఆ పడటమేమిటి? మీ అత్తగారు చూస్తే నిన్ను కాదు, నన్ను అంటుంది" అనేది. పిల్లలు పడీపడీ నవ్వేవారు. మళ్ళీ లేచేవారు, మళ్ళీ వాలేవారు.

అట్లా నేర్పేటప్పుడు తాను వాలి చూపించడం ఎప్పుడో మానేసింది. ఎవరూ గమనించలేదు. గురువు కూర్చుని చెప్పడంలో వింతేముంది?

నొప్పి మొదలై చాలా ఏళ్ళయింది. తొలుత మెట్లు దిగేటప్పుడు కలుక్కుమనేది. తరవాత కూర్చుని లేచేటప్పుడు లోపల ఇసుక నలిగినట్టు చప్పుడయ్యేది. ఇంట్లో కర్ర పట్టుకుని నడిచేది. వాకిట్లో ఎవరి పిలుపైనా వినపడితే కర్రను తలుపు వెనక్కి తోసేసేది. ఈత రానివాడు ఈత నేర్పుతున్నాడంటే నవ్వరా? మోకాళ్ళు వంగని సెంగను ఎవరు పిలుస్తారు? పిలుపు లేని రోజున ఈ ఒంటరి ముసలిదానికి ఊళ్ళో ఏం మిగులుతుంది?

ఇది మనసులో గట్టిగా ఉండిపోబట్టే ఆ రోజు బెంచీ దగ్గర ఆ మాట అంత తేలిగ్గా వచ్చేసింది.

రాజధాని కంపాలా నుంచి పెద్దాసుపత్రి వాళ్ళు కీళ్ళనొప్పుల మీద పరిశోధన చేయడానికి ఊరి ఆరోగ్య కేంద్రానికి వచ్చారు. నొప్పులున్నా లేకపోయినా పెద్దవాళ్ళందరూ రావచ్చన్నారు. ప్రశ్నలడిగే కుర్రవాడి పేరు కిగ్గుండు. లోపలి గది పొయ్యిలా ఉందని బల్లను వరండాలోకి తెప్పించుకున్నాడు. ఎదురుగా బెంచీ. బెంచీ నిండా ఆడవాళ్ళు. బల్ల పక్కనే చేతికర్ర ఆనించి లుతాయా నిలబడ్డాడు. ఆయన ఆరోగ్య కేంద్రం కమిటీకి పెద్ద. ఎవరొచ్చినా దగ్గరుండి చూసుకోవడం ఆయన సరదా. పైగా నబిటాలో అన్న కిసిటు కూతురు నంటుమెను అడిగిన పెళ్ళికొడుకు డెనిస్‌కు ఆయన స్వయానా పెదనాన్న.

పెద్దరికానికి గౌరవమని నబిటాలోనే ముందు పిలిచారు. లుతాయా నిలబడి ఉండగా మామూలుగా వెళ్ళి కుర్చీలో కూర్చుంటే ఎట్లా? బల్ల అంచు పట్టుకుని సిమెంటు నేల మీద మోకాళ్ళు ఆనించింది. కళ్ళ ముందు మెరుపులు మెరిశాయి. అయినా గొంతు వణకనివ్వకుండా ఆయన్ను పలకరించి, ఇంటిల్లిపాది క్షేమం అడిగి, అప్పుడు కుర్చీలోకి చేరింది.

కిగ్గుండు ప్రశ్నలన్నీ అడిగి, చివరికి అక్కడికి వచ్చాడు. "అమ్మా, మోకాళ్ళ మీద కూర్చోవడం మీకెలా ఉంటుంది? ఏం కష్టం లేదా, కొంచెం కష్టమా, చాలా కష్టమా, అసలు చేతకాదా?"

బెంచీ అంతా చెవులు రిక్కించింది.

"నాయనా, ఇప్పుడేగా నీ కళ్ళ ముందు కూర్చుని లేచాను! చూళ్ళేదా, నిద్రపోతున్నావా?" అంది నబిటాలో. బెంచీ మీద నవ్వులు లేచాయి. ఆ నవ్వు ఊపులో ఇంకో మాట కూడా అనేసింది. "మోకాళ్ళ మీద కూర్చోలేని ఆడది ఆడదేనా? మీ కంపాలాలో ఉంటారేమోగాని మా ఊళ్ళో లేరు."

ఇంక ఆ తరవాత కూర్చున్నవాళ్ళలో ఎవరు ఒప్పుకుంటారు? ఒకరి వెనక ఒకరు వచ్చి "కష్టం లేదు", "మాకేం కష్టం" అని చెప్పి వెళ్ళారు. ఇద్దరు కోడళ్ళు చెరో రెక్కా పట్టుకుంటేగాని నిలబడలేని కెవీనా అవ్వ కూడా, "నాకా? నాకేం, పదహారేళ్ళ పిల్లలా కూర్చుంటాను" అంది. కిగ్గుండు ఆవిడ వంక, కోడళ్ళ వంక చూసి, తల గోక్కుని, చెప్పిందే రాసుకున్నాడు.

ఆఖర్న నంటుమె వచ్చింది. మేనత్త సంచీ మోయడానికి వెంట వచ్చిన పిల్లను, "నువ్వూ పెద్దదానివేగా, కూర్చో" అన్నాడు కిగ్గుండు.

"పొద్దున లేవగానే వేళ్ళు బిగుసుకుపోయినట్టు ఉంటాయా?"

నంటుమె మేనత్త వంక చూసింది. ఆ పొద్దున్నే టీ ఫ్లాస్కు మూత తిప్పలేక ఆ పిల్ల ఫ్లాస్కును ఒళ్ళో ఇరికించుకుని, రెండు అరచేతుల మధ్యా మూతను నొక్కిపట్టి తంటాలు పడటం నబిటాలో చూసింది. వేళ్ళ కణుపులు ఉబ్బి మెరుస్తుండటం కూడా చూసింది. ఇప్పుడు లుతాయా చేతికర్ర మీద గడ్డం ఆనించి వింటున్నాడు.

నబిటాలో కళ్ళతోనే వద్దంది. ఆ పిల్లకు ఆ చూపు చిన్నప్పటినుంచీ తెలుసు.

"లేదు సెబో" అంది నంటుమె, అయ్యా అనే ఆ మర్యాద మాట కలిపి, చేతులు ఒళ్ళోని సంచీ కిందికి దాచుకుంటూ.

"పార పట్టిన చేతులు నాయనా, కాస్త మొరటుగా ఉంటాయి. అంతకంటే ఏం లేదు" అని నబిటాలో నవ్వుతూ అందుకుంది. లుతాయా తృప్తిగా తలాడించాడు. కష్టపడే పిల్ల అని ఆయనకు అర్థమైంది.

తరవాత కొందరు పెద్ద వయసు ఆడవాళ్ళను బండిలో మసాకా తీసుకెళ్ళి మోకాళ్ళకు ఎక్స్‌రేలు తీయించారు. నంటుమె పేరు ఆ జాబితాలో లేదు. జబ్బులేని పిల్లకు ఎక్స్‌రే ఎందుకు?

వానలు వచ్చాయి, వెళ్ళాయి. పెళ్ళివారు ఇంటికొచ్చి పిల్లను అడిగే వేడుకకు రోజు ఖాయమైంది. ఆ రోజు వచ్చిన మగవాళ్ళ ముందు మోకాళ్ళ మీద వాలి, వాళ్ళలోంచి పెళ్ళికొడుకును ఏరి చూపాల్సింది సెంగ. ఆవిడ వెనకే పిల్ల కూడా అందరి ముందూ వాలి పలకరించాలి. నబిటాలో అన్నగారింట్లోనే మకాం పెట్టి నంటుమెకు తర్ఫీదు మొదలుపెట్టింది.

పిల్ల వాలితే రాయి పడ్డట్టు పడుతోంది. లేచేటప్పుడు అరచేయి నేలకు ఆనించలేక ముంజేతి మీద బరువు వేసి లేస్తోంది. మాతోకె కాయ చెక్కడానికి కత్తి పట్టుకుంటే కత్తి జారిపోతోంది. ఒకనాడు చుట్టాల పిల్లలంతా చేరి ఉండగా నీళ్ళ గ్లాసు అందించబోయి పడేసింది.

"అబ్బో, మహారాణి!" అంది నబిటాలో అందరూ వినేటట్టు. "పెళ్ళి కుదిరేసరికి ఒళ్ళు బరువెక్కింది. పెద్దవాళ్ళ ముందు వంగడానికి పొగరు అడ్డొస్తోంది. డెనిస్ పెదనాన్న ముందు కూడా ఇట్లాగే పడతావా, గోనెసంచీలాగా?"

పిల్లలు కిసుక్కుమన్నారు. నంటుమె నేల మీద పారిన నీళ్ళు తుడిచింది. గుడ్డ పిండటానికి చేతులు రాక, తడిగుడ్డను అట్లాగే గోడ మీద ఆరేసింది. పిల్లలు వెళ్ళాక మెల్లగా అంది, "నొప్పిని పళ్ళ బిగువున పట్టాలని నువ్వే చెప్పావు సెంగా. పట్టుకునే ఉన్నాను."

నబిటాలో ఆ మాట విననట్టు చాప అల్లిక అందుకుంది. వినలేదని ఎవరినైనా నమ్మించగలదుగాని, తనను తాను నమ్మించలేకపోయింది. ఆకు మీద ఆకు వేస్తుంటే అల్లిక తప్పింది. విప్పి మళ్ళీ వేస్తే మళ్ళీ తప్పింది.

అప్పుడే పరిశోధన వాళ్ళు మళ్ళీ వచ్చారు. తాము తెలుసుకున్నది ఊరికి చెప్పి వెళ్ళాలని వాళ్ళ పద్ధతి. ఆరోగ్య కేంద్రం గోడ వారగా షామియానా వేశారు. ఈసారి పెద్ద డాక్టరమ్మే వచ్చింది. నబ్వీరె ఆవిడ పేరు. లావుపాటి మనిషి, చప్పున నవ్వే మనిషి. లుతాయా లేచి ప్రార్థన చేసి, స్వాగతం చెప్పి, ముందు వరసలో కూర్చున్నాడు. నబిటాలో యథాప్రకారం అందరికంటే ముందొచ్చి చాప మీద ఉంది.

"అమ్మలూ, మీతో నాకొక తగువుంది" అని మొదలుపెట్టింది డాక్టరమ్మ. "ఫోటోల్లో చూస్తే మీ మోకాళ్ళు అరిగిపోయిన తిరగలి రాళ్ళు. ఎముకకూ ఎముకకూ మధ్య కాగితం దూరే సందు కూడా లేదు. మీరు చెప్పినదాంట్లో చూస్తేనేమో అందరూ కొత్త పెళ్ళికూతుళ్ళే! కంపాలాలో మా వాళ్ళు ఎక్స్‌రేలు తారుమారయ్యాయేమోనని నా మీద కేకలేశారు."

ఆడవాళ్ళు ఒకరినొకరు పొడుచుకుని నవ్వారు. "కెవీనా అవ్వా, నీ గురించే" అంది ఎవరో. "నా మోకాళ్ళు పదహారేళ్ళవే, ఎక్స్‌రే యంత్రానికే ముసలితనం" అంది అవ్వ. షామియానా అంతా గొల్లుమంది.

డాక్టరమ్మ కూడా నవ్వి, తరవాత నవ్వు తగ్గించింది. "తప్పు మాదే. ఆ ప్రశ్న ఎక్కడో చలిదేశంలో రాసింది. అక్కడ మోకాళ్ళ మీద కూర్చోవడమంటే తోటపని. ఇక్కడ అది మానం, మర్యాద. ఒక ఆడమనిషిని వరండాలో నలుగురి ముందు కూర్చోబెట్టి నీకు మర్యాద చేతనవునా అని అడిగితే కాదని ఎవరంటారు? నేనైనా అనను. ఈసారి మా వాళ్ళు ఇంటింటికీ వచ్చి విడిగా అడుగుతారు." నబిటాలో తల వంచుకుంది. తప్పు మాదే అని ఆవిడ అంటున్నకొద్దీ మెడ వెనక వేడెక్కింది. నవ్వులు పుట్టించింది ప్రశ్న కాదు, తన నోరు.

డాక్టరమ్మ తరవాత అరిగిన మోకాళ్ళకు ఏం చేయాలో చెప్పింది. ఊరికే కూర్చోబెట్టడం మందు కాదట, తొడ కండరాలకు పని చెప్పాలట, కుర్చీలో కూర్చుని కాలు చాపి నిలపడం రోజూ చేస్తే నొప్పి చాలామందికి తగ్గుతోందట. అందరూ వింటూ బెంచీల మీద కాళ్ళు చాపి చూసుకున్నారు. ఆపైన ఆవిడ అంది:

"కీళ్ళ జబ్బు ముసలివాళ్ళదే అనుకోకండి. ఇంకో రకం ఉంది. అది పెళ్ళీడు పిల్లలకూ, చంటిబిడ్డల తల్లులకూ వస్తుంది. మన ఒంటికి కాపలా కాయాల్సిన బలమే దారి తప్పి మన కీళ్ళ మీద పడుతుంది. పొద్దున లేచాక గంటసేపు వేళ్ళు ముడుచుకోవు. రెండు చేతులకూ ఒకే తీరున వాపు. చేతబడీ కాదు, చలీ కాదు. దీని మీద ఈ మధ్య ఎక్కడ పరిశోధన చేసినా అదే మాట తేలుతోంది: మొదటి కొద్ది నెలల్లో మందు పడితే కీళ్ళు దక్కుతాయి. దాచుకుని కూర్చుంటే, వంకరపోయిన వేలు మళ్ళీ తిన్నబడదు. మీ ఎరికలో అలాంటి పిల్ల ఉంటే పంపండి. రేపు కూడా ఇక్కడే ఉంటాను."

మొదటి కొద్ది నెలలు. వరండాలో తాను పిల్లను కళ్ళతో వద్దన్నది వానలకు ముందు. అప్పటినుంచి ఇప్పటిదాకా పోయిన రోజులన్నీ ఒక్కసారిగా వచ్చి నబిటాలో గుండెల మీద కూర్చున్నాయి. లేచి చెబుదామనుకుంది. ముందు వరసలో లుతాయా తల కనిపించింది. లేవాలంటే గోడ పట్టుకుని, మూలిగి, అందరి కళ్ళ ముందూ లేవాలి. లేచి, మా పిల్లకు జబ్బు అని పెళ్ళివారి ముందు చెప్పాలి. అంతలో లుతాయా వందన సమర్పణ మొదలుపెట్టాడు. డాక్టరమ్మ బండి ఎక్కింది.

ఊళ్ళో పరువు కోసం పిల్ల వేళ్ళు అమ్ముకున్నాననే మాట ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు, ఇంటికి వెళ్ళే దారంతా ఆవిడ చెవిలో అదే మోగింది.

నంటుమె వంటపాకలో ఉంది. అరటాకులో చుట్టిన మాతోకె మూటను పొయ్యి మీంచి మోచేతులతో దింపబోతోంది. నబిటాలో వెళ్ళి తానే దింపింది.

"రేపు డాక్టరమ్మ దగ్గరికి వెళ్దాం" అంది.

"వేడుక అయ్యాక వెళ్దాంలే సెంగా. ఇప్పుడు వెళ్తే వాళ్ళకు తెలుస్తుంది."

"అప్పటికి ఆలస్యమవుతుందట."

"ఇన్నాళ్ళూ కాని ఆలస్యం ఇప్పుడొచ్చిందా?" పిల్ల గొంతులో వెటకారం లేదు, అలసటే ఉంది. "అందరూ ఓర్చుకోవడం లేదూ? ఆడది అన్నాక ఓర్చుకోవాలిగా. నువ్వు ఓర్చుకోవడం లేదూ?"

నబిటాలో తలుపు దగ్గరికి జరిగింది. "చూడు" అంది.

గోడ పట్టుకోకుండా, బల్ల పట్టుకోకుండా, పాక మధ్యలో నిలబడి మోకాళ్ళ మీద కూర్చోబోయింది. సగం దిగేసరికి కాళ్ళు వణికాయి. ఒక చేయి నేలకు వేసింది. ఒక మోకాలు ఆనింది, నోట్లోంచి కేక లాంటిదేదో వచ్చింది. రెండోది ఆనకముందే పక్కకు ఒరిగి, బూడిదలో చతికిలబడింది. తలగుడ్డ ఊడిపోయింది. ఇన్నేళ్ళు నాలుగు ఊళ్ళ పిల్లలకు మర్యాద నేర్పిన మనిషి, పొయ్యి పక్కన కాళ్ళు చాపుకుని రొప్పుతూ ఉండిపోయింది.

"ఎన్నో ఏళ్ళుగా ఇంతే" అంది చివరికి. "నేను ఓర్చుకోలేదు. దాచాను. ఓర్చుకోవడం వేరు."

పిల్ల వచ్చి కావలించుకుంటుందని అనుకుందేమో. నంటుమె అక్కడే నిలబడిపోయింది.

"మరి నన్నెందుకు అందరి ముందూ పొగరన్నావు?"

మహారాణి అన్నావు, గోనెసంచీ అన్నావు అని పిల్ల ఇంకా లెక్క చెప్పినా బాగుండేది. చెప్పలేదు. ఆ ఒక్క మాట అడిగి, పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగి, బయటికి వెళ్ళిపోయింది. బూడిదలోంచి లేవడానికి నబిటాలో పాక గుంజను కావలించుకోవాల్సి వచ్చింది.

మర్నాడు ఇద్దరూ బోడా బండి, అద్దె మోటారుసైకిలు మీద వెళ్ళారు. దారి పొడుగునా నంటుమె మొహం అటు తిప్పుకునే కూర్చుంది. ఆరోగ్య కేంద్రం ముందు దిగడానికి నబిటాలోకు కాళ్ళు సహకరించలేదు. "ఆగమ్మా, ఆగు, నేను దింపుతాను" అని బండి కుర్రవాడు చంకల కింద చేతులు వేసి ఎత్తి నేల మీద పెట్టాడు. వరండాలో బెంచీ మీద ఆడవాళ్ళు మాటలాపి చూశారు. ఆ రోజు నవ్విన బెంచీ మొహాలే చాలావరకు.

లోపల డాక్టరమ్మ నంటుమె చేతులు తన చేతుల్లోకి తీసుకుంది. కణుపుల వరసను అడ్డంగా మెల్లగా నొక్కింది. పిల్ల పెదవి కొరుక్కుంది. మోకాళ్ళు చూసింది, పాదాలు చూసింది. రెండు చేతులూ బల్ల మీద బోర్లా పరచమంది. కుడిచేతి చివరి రెండు వేళ్ళు బల్లకు ఆనలేదు, గుడిసె కప్పులా లేచే ఉన్నాయి.

"ఎన్నాళ్ళయింది?"

"పోయిన కాఫీ కోతలప్పటినుంచి."

"మరి మా కుర్రవాడు ఇక్కడికొచ్చి అడిగినప్పుడు?"

"అడిగారు. లేదన్నాను."

"ఎందుకన్నావమ్మా?"

నంటుమె నేల చూపులు చూసింది. "ఊరికే. ఎవరూ చెప్పమనలేదు" అంది.

ఇంత కోపంలో ఉండి కూడా తనను కాచుకుంటోంది. ఆ అబద్ధం చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది నబిటాలోకు. "నేనే" అంది. "నేనే వద్దని సైగ చేశాను. అంతకుముందు నాకు మోకాళ్ళ నొప్పి లేదని అందరి ముందూ చెప్పిందీ నేనే. నవ్వించిందీ నేనే. ఈ పిల్ల చేతులు నేను చూశాను డాక్టరమ్మా. తెలిసే చేశాను."

డాక్టరమ్మ తిడితే బాగుండుననిపించింది. ఆవిడ తిట్టలేదు. "ఈ రెండు వేళ్ళూ ఇంక ఇంతే. మిగిలిన ఎనిమిదింటినీ కాపాడుకుందాం" అని, రక్తపరీక్షలకు మసాకా ఎప్పుడు వెళ్ళాలో చెప్పింది. వాటిలో జబ్బు రూఢి అయితే వారానికి ఒక్కసారి వేసుకునే మందు ఉందట. రోజూ కాదు, వారానికి ఒక్కసారే, మరిచిపోయి ఎక్కువ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుందని రెండుసార్లు చెప్పింది. "ఇంకో సంగతి. ఈ మందు వాడుతున్నంత కాలం కడుపు రాకూడదు. పెళ్ళి చేసుకో, ఎవరొద్దన్నారు? పిల్లల సంగతి మాత్రం ముందు నాతో మాట్లాడి, మందు మార్చుకున్నాకే. చేసుకోబోయేవాడికి ఇది తెలియాలి."

అంటే దాచడానికి ఇంక ఏమీ మిగల్లేదు.

వాళ్ళు వరండాలోకి వచ్చి మందుల కిటికీ పక్కన కుర్చీల్లో కూర్చున్నారు. అప్పుడే గేటు దగ్గర చేతికర్ర చప్పుడయింది. లుతాయా. డాక్టరమ్మ ఉన్న రోజున ఆయన రాకుండా ఎలా ఉంటాడు? బెంచీ మీద ఆడవాళ్ళలో చేతనైనవాళ్ళు ఒకరొకరే కిందికి వాలారు. ఆయన అందరినీ పలకరించుకుంటూ నెమ్మదిగా ఇటు వస్తున్నాడు.

నంటుమె కుర్చీలోంచి లేచింది. అలవాటు చొప్పున వాచిన చేయి కుర్చీ చేతి మీద వేసి, ఒక మోకాలు వంచబోయింది.

నబిటాలో ఆ పిల్ల భుజం మీద చేయి వేసింది. "కూర్చో."

"సెంగా, ఆయన—"

"కూర్చోమన్నాను."

పిల్ల కూర్చుంది. లుతాయా వచ్చి ఎదురుగా ఆగాడు. ఆయన చూపు మామూలుగా మోకాళ్ళు ఆనవలసిన చోటికి, సిమెంటు నేల మీదికి వెళ్ళి, అక్కడ ఎవరూ లేక, మెల్లగా పైకి వచ్చింది. బెంచీ వైపు గుసగుస ఆగిపోయింది. పుట్టి బుద్ధెరిగాక నబిటాలో ఒక పెద్దమనిషిని కుర్చీలోంచి పలకరించడం అదే మొదలు. బట్టల్లేకుండా కూర్చున్నట్టనిపించింది. పలకరింపు మాటలు నోట్లో తడబడ్డాయి. తాను గాడిదలని తిట్టిన పిల్లలు కూడా ఇంతకంటే బాగా చెప్పేవారు.

"ఏమైంది నబిటాలో?" అన్నాడాయన.

"మోకాళ్ళు పోయాయి సెబో. ఇప్పుడు కాదు, చాలా ఏళ్ళయింది. మీ ముందు బాగున్నాయని చెప్పింది అబద్ధం." తల ఎత్తలేకపోయింది. ఆయన చెప్పుల వంకే చూస్తూ మిగిలింది చెప్పేసింది. "పిల్లకు కీళ్ళ జబ్బు ఉంది. పొగరు కాదు, సోమరితనం కాదు. వాళ్ళ నాన్నకు తెలియదు. దాచింది నేను. డెనిస్‌కు చెప్పాల్సిన సంగతులు ఇంకా ఉన్నాయి."

లుతాయా నంటుమె చేతుల వంక చూశాడు. ఆ పిల్ల ఈసారి దాచుకోలేదు. ఒళ్ళో అట్లాగే పెట్టుకుంది.

"పార పట్టిన చేతులన్నావు" అన్నాడు చివరికి.

"అన్నాను సెబో."

"సాయంత్రం డెనిస్‌ను తీసుకుని మీ అన్న ఇంటికి వస్తాను. అక్కడ మాట్లాడుకుందాం." పలకరింపుకు బదులు మాత్రం ఇవ్వకుండానే, డాక్టరమ్మ గదిలోకి వెళ్ళిపోయాడు. వస్తాడంటే మంచికో చెడుకో ఆ గొంతు బట్టి చెప్పడం ఎవరి తరమూ కాలేదు.

బెంచీ మీద మళ్ళీ మాటలు మొదలయ్యాయి, చిన్నగా. వాటిలో తన పేరు వినపడింది నబిటాలోకు. వినపడనివ్వు అనుకుందిగాని, చెవులు మండుతూనే ఉన్నాయి. కిటికీ తెరిచి మందులమ్మాయి నంటుమె పేరు పిలిచింది. వారానికొకసారి మందు ఇంకా కాదు, నొప్పి తగ్గడానికి ఏవో నాలుగు బిళ్ళలు, మసాకా పరీక్షల చీటీ. అవి తీసుకుని వెనక్కి వచ్చిన నంటుమె, కుర్చీలో కూరుకుపోయి ఉన్న మేనత్త ముందు నిలబడింది. కోపం ఇంకా పోలేదు ఆ మొహంలోంచి.

"లేవగలవా సెంగా?"

అందరూ చూస్తున్నారు. "లేవలేను" అంది నబిటాలో.

పిల్ల వేళ్ళు చాపబోయి, నొప్పి గుర్తొచ్చి, చేయి వెనక్కి తీసుకుంది. ముంజేయి అడ్డంగా ముందుకు పెట్టింది. నబిటాలో రెండు చేతులతో ఆ ముంజేతిని పట్టుకుని, గట్టిగా మూలుగుతూ, నలుగురూ చూస్తుండగా లేచింది.